కల్బాలో గిటార్ పడుతున్నారా? సరళీ స్వరాల నుంచి మొదటి పాట దాకా

గిటార్ నేర్చుకోవాలనుకునే తెలుగువారికి ముందుగా ధైర్యం చెప్పాలి. పాట వినగానే మీకు తల ఊగుతుంది, చెయ్యి తాళం వేస్తుంది, గొంతు శ్రుతి తప్పితే చెవికి తెలిసిపోతుంది. అంటే మీలో సంగీతం ఇప్పటికే ఉంది. ఇక నేర్పాల్సింది వేళ్లకే. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ లాంటి పాశ్చాత్య వాద్యం మీద కర్ణాటక సంగీతాన్ని ప్రపంచమంతా వినిపించారు. గిటార్ కూడా మెట్లున్న తీగ వాద్యమే. మన స్వరాలు దాని మీద హాయిగా పలుకుతాయి.

యూఏఈ తూర్పు తీరంలోని కల్బాలో ఉండేవారికి మూడు చిక్కులుంటాయి. ఊరు చిన్నది కనుక గురువు వీధి చివరే దొరకడు. డ్యూటీ వేళలు మారుతుంటాయి. చాలామంది నలుగురైదుగురితో కలిసి ఒకే గదిలో ఉంటారు. వీటికి తోడు ఒమన్ సింధుశాఖ నుంచి వచ్చే ఉప్పు గాలి. ఈ నాలుగింటినీ దృష్టిలో పెట్టుకుని, జగిత్యాల నుంచి వచ్చినా కోనసీమ నుంచి వచ్చినా, బడికెళ్లే పిల్లలైనా ఒంటరిగా మొదలుపెట్టగలిగేలా ఈ క్రమం రాశాను.

1. ఏ గిటార్ కొనాలి?

అకూస్టిక్ గిటార్ అంటే కరెంటు, యాంప్లిఫయర్ అక్కర్లేనిది. ఇందులో రెండు రకాలు. స్టీల్ తీగలది గట్టిగా, గలగలమని మోగుతుంది. సినిమా పాటలకూ, చర్చి ఆరాధన పాటలకూ ఎక్కువగా వాడేది ఇదే. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ మెత్తగా పలుకుతుంది, వేళ్లకు నొప్పి తక్కువ, కానీ మెడ వెడల్పు. పాటకు తోడుగా వాయించాలనుకునే పెద్దవాళ్లు స్టీల్, చిన్న పిల్లలు నైలాన్ తీసుకోవడం మంచిది. పదేళ్లలోపు పిల్లలకు ముప్పావు సైజు గిటార్ సరిపోతుంది.

తీగల మందాన్ని గేజ్ అంటారు. స్టీల్ 12 గేజ్ సెట్టులో ఆరు తీగలు కలిసి సుమారు 70 కిలోల బలంతో మెడను లాగుతుంటాయి. 10 గేజ్ సెట్టు అంత బిగువుగా ఉండదు, వేలికి సులువుగా లొంగుతుంది. మొదటి ఆరు నెలలూ 10 గేజ్ వేయించుకోండి.

పెద్ద సంగీత వాద్యాల దుకాణాలు దుబాయ్, షార్జా నగరాల్లో ఉన్నాయి. కొండలు దాటి అటు వెళ్లే రోజు చూసుకుని, గిటార్ వాయించడం వచ్చినవారిని ఒకరిని వెంటబెట్టుకు వెళ్లండి. పాతది కొన్నా తప్పులేదు, పరీక్షించి కొంటే చాలు.

2. కొనేముందు మూడు పరీక్షలు

మొదటిది, తీగ ఎత్తు. పన్నెండో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య ఖాళీ చూడండి. స్టీల్ గిటార్‌కైతే లావు తీగ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే వేళ్లకు సుఖం. స్టీల్ తీగలు మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే నొక్కలేక నెల తిరక్కుండానే విసుగొస్తుంది. చాలామంది మానేసేది తమకు చేతకాక కాదు, తీగలు ఎత్తుగా ఉండి.

రెండోది, ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా నొక్కి మీటండి. గట్టిగా నొక్కినా ఎక్కడైనా జుర్రుమని మోగితే అక్కడి మెట్లలో తేడా ఉందని అర్థం.

మూడోది, తీగను వదిలేసి ఒకసారి, పన్నెండో మెట్టు మీద నొక్కి ఒకసారి మీటండి. రెండోది సరిగ్గా పై స్థాయి షడ్జమంలా వినిపించాలి, ఎందుకంటే అక్కడ తీగ సగానికి సగం అవుతుంది. తేడా వినిపిస్తే ఆ గిటార్ ఎంత శ్రుతి చేసినా కలవదు. వదిలేయండి.

3. కల్బా గాలి నుంచి కాపాడుకోండి

గిటార్ చెక్క తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే దానికి క్షేమం. కల్బాలో బయట సముద్రపు చెమ్మ, లోపల ఏసీ పొడి గాలి. అందుకని ఏసీ గాలి సూటిగా తగిలేచోట గోడకు తగిలించకండి. వాయించనప్పుడు పెట్టెలో పెట్టండి. అందులో చిన్న తేమ మీటర్ వేసుకుంటే ఖర్చు తక్కువ, నిశ్చింత ఎక్కువ.

ఎండాకాలం కారులో గిటార్ వదిలి వెళ్లకండి. వేడికి జిగురు మెత్తబడి, తీగల లాగుడుకి, అవి బిగించి ఉన్న బ్రిడ్జి లేచిపోతుంది. కార్నిష్ మీద వాయించి ఇంటికి రాగానే పొడి గుడ్డతో ఒక్కొక్క తీగనూ పైనా కిందా తుడవండి. ఉప్పు గాలికీ చేతి చెమటకీ స్టీల్ తీగ త్వరగా తుప్పు పడుతుంది. పైపూత ఉన్న తీగలు కాస్త ఖరీదైనా ఇక్కడ ఎక్కువ రోజులు మన్నుతాయి.

4. కూర్చోవడం, పట్టుకోవడం

చేతులు లేని కుర్చీలో నిటారుగా కూర్చోండి. కుడిచేతి వాటమైతే గిటార్ నడుము వంపు కుడి తొడ మీద ఆనాలి. ఎడమ చెయ్యి మెడను మోయకూడదు. చెయ్యి తీసేసినా గిటార్ కదలకుండా ఉండాలి. బొటనవేలు మెడ వెనక, మధ్యవేలికి ఎదురుగా. గోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే వేలి కొస తీగ మీద నిలవదు.

రెండో మెట్టు నొక్కమంటే లోహపు కడ్డీ మీద కాదు, మొదటి కడ్డీకీ రెండో కడ్డీకీ మధ్య ఉన్న గడిలో, రెండో కడ్డీని ఆనుకునేంత దగ్గరగా నొక్కాలి. అక్కడైతే సగం బలం చాలు. కడ్డీకి దూరంగా నొక్కితే చాలా బలం పెడితే తప్ప జుర్రుమంటుంది. ఇప్పుడే గిటార్ తీసి రెండు చోట్లా నొక్కి వినండి, తేడా మీకే తెలుస్తుంది.

5. ముందు శ్రుతి, తర్వాతే పాట

కిందినుంచి పైకి, అంటే సన్న తీగ నుంచి లావు తీగ దాకా, తీగలకు 1 నుంచి 6 వరకూ అంకెలు. ఆరో తీగ నుంచి ఒకటో తీగ వరకూ శ్రుతులు ఇవి: ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఫోన్‌లో ట్యూనర్ యాప్ గానీ, గిటార్ తలకు పెట్టే క్లిప్ ట్యూనర్ గానీ వాడండి. తీగ శ్రుతి దాటిపోతే బాగా కిందికి దించి, మళ్లీ పైకి తెచ్చి ఆపండి. కిందినుంచి పైకి బిగించిన తీగే నిలుస్తుంది.

తర్వాత చెవితో సరిచూసుకోండి. ఆరో తీగను ఐదో మెట్టు దగ్గర నొక్కితే ఐదో తీగ వట్టి స్వరం రావాలి. అలాగే ఐదుతో నాలుగు, నాలుగుతో మూడు, రెండుతో ఒకటి, అన్నీ ఐదో మెట్టు దగ్గరే. మూడో తీగతో రెండో తీగను కలిపేటప్పుడు మాత్రం నాలుగో మెట్టు. రోజూ ఇది చేస్తే నెలలో మీ చెవి ట్యూనర్‌కి ముందే తేడా పట్టేస్తుంది.

6. సరళీ స్వరాలు

మన సంగీత పాఠం మాయామాళవగౌళ రాగంతో మొదలవుతుంది. గిటార్ మీద అది మొదటి నాలుగు మెట్లలోనే ఇమిడిపోతుంది. ఒకటో మెట్టుకు చూపుడువేలు, రెండుకు మధ్యవేలు, మూడుకు ఉంగరపువేలు, నాలుగుకు చిటికెనవేలు.

స: ఐదో తీగ, మూడో మెట్టు
రి: ఐదో తీగ, నాలుగో మెట్టు
గ: నాలుగో తీగ, రెండో మెట్టు
మ: నాలుగో తీగ, మూడో మెట్టు
ప: మూడో తీగ, నొక్కకుండా
ద: మూడో తీగ, ఒకటో మెట్టు
ని: రెండో తీగ, నొక్కకుండా
పై స: రెండో తీగ, ఒకటో మెట్టు

స్వరం నోటితో పలుకుతూ వాయించండి. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, దెబ్బకొక స్వరం. తప్పు లేకుండా వరసగా వచ్చాకే వేగం పెంచండి. ఈ ఒక్క పాఠంతో నాలుగు వేళ్లకీ పని పడుతుంది, చెవికీ మెట్లకీ స్నేహం కుదురుతుంది.

తర్వాత మోహన రాగం: స అక్కడే, రి నాలుగో తీగ వట్టిగా, గ నాలుగో తీగ రెండో మెట్టు, ప మూడో తీగ వట్టిగా, ద మూడో తీగ రెండో మెట్టు, పై స రెండో తీగ ఒకటో మెట్టు.

7. మొదటి కార్డ్స్

కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగడం. ముందు మూడు చాలు.

ఇ మైనర్: ఐదో తీగ, నాలుగో తీగ, రెండూ రెండో మెట్టు మీద. ఆరు తీగలూ మీటాలి.

సి: ఐదో తీగ మూడో మెట్టు ఉంగరపువేలు, నాలుగో తీగ రెండో మెట్టు మధ్యవేలు, రెండో తీగ ఒకటో మెట్టు చూపుడువేలు. ఐదో తీగ నుంచి కిందికి మీటాలి.

ఎ మైనర్: సి పట్టుకున్న చెయ్యే. చూపుడువేలు, మధ్యవేలు కదపకుండా ఉంగరపువేలిని మాత్రం ఐదో తీగ నుంచి ఎత్తి మూడో తీగ రెండో మెట్టు మీద పెట్టండి.

కార్డ్ పట్టుకున్నాక తీగలను ఒక్కొక్కటిగా మీటి వినండి. ఏదైనా మూగబోతే పక్క వేలు దాన్ని తాకుతోందన్నమాట. వేలిని ఇంకా నిలువుగా వంచండి. ఆ తర్వాత సి నుంచి ఎ మైనర్‌కి, మళ్లీ సి కి మారడం నిమిషం పాటు చేయండి. వేళ్లను తీగల నుంచి ఎంత తక్కువ ఎత్తు లేపితే మార్పు అంత వేగంగా వస్తుంది.

ఈ మూడూ కుదిరాక జి నేర్చుకోండి: ఆరో తీగ మూడో మెట్టు, ఐదో తీగ రెండో మెట్టు, ఒకటో తీగ మూడో మెట్టు. తర్వాత డి: మూడో తీగ రెండో మెట్టు, రెండో తీగ మూడో మెట్టు, ఒకటో తీగ రెండో మెట్టు, మీటేది నాలుగో తీగ నుంచి.

8. కుడిచేతి తాళం

మొదటి వారం కిందికి దెబ్బలే. నాలుగు లెక్కపెడుతూ నాలుగు దెబ్బలు, మొదటిది కాస్త బలంగా. రెండో వారం చెయ్యి పైకి వచ్చేటప్పుడు కూడా తీగలను తాకించండి. అప్పుడు ఆది తాళంలా ఎనిమిది లెక్క నిండుతుంది. మన పాటల్లో తిశ్ర నడక కూడా చాలా ఎక్కువ కనుక, మూడేసి దెబ్బల నడకను మొదటి నెలలోనే అలవాటు చేసుకోండి. కార్డ్ మారేటప్పుడు ఎడమ చెయ్యి తడబడినా కుడి చెయ్యి ఆగకూడదు. తప్పు స్వరాన్ని వినేవాళ్లు మన్నిస్తారు, తాళం తెగితే మాత్రం పాట తెగిపోతుంది.

9. మీ శ్రుతికి గిటార్‌ను తెచ్చుకోండి

పుస్తకంలో ఉన్న శ్రుతిలో పాడలేక గొంతు నొప్పి తెచ్చుకునేవారున్నారు. తంబూరా యాప్ పెట్టి, మంద్ర పంచమం నుంచి పై గాంధారం దాకా ఏ శ్రుతిలో ఇబ్బంది లేకుండా పాడగలరో చూసుకోండి. అదే మీ శ్రుతి. మెడ మీద బిగించే క్యాపో దాన్ని గిటార్‌కి ఇస్తుంది. సి, ఎ మైనర్ పట్లే పడుతూ:

ఒకటో శ్రుతికి, అంటే సి కి, క్యాపో అక్కర్లేదు
ఒకటిన్నరకు ఒకటో మెట్టు
రెండుకు రెండో మెట్టు
రెండున్నరకు మూడో మెట్టు

ఆడవారి గొంతు ఎక్కువగా ఐదు, ఐదున్నర శ్రుతుల్లో ఉంటుంది. వారు సి, ఎ మైనర్ బదులు జి, ఇ మైనర్ పట్టాలి. ఐదుకు క్యాపో లేకుండా, ఐదున్నరకు ఒకటో మెట్టు మీద.

10. రోజుకు ఇరవై నిమిషాలు

శ్రుతికి రెండు నిమిషాలు, సరళీ స్వరాలకు ఐదు, కార్డ్స్ మార్చడానికి ఐదు, పాటకు ఎనిమిది. వారానికోసారి మూడు గంటలు కూర్చోవడం కన్నా ఇదే మేలు. వేలి కొసలు మొదట్లో మండుతాయి. మూడు నాలుగు వారాల్లో గట్టిపడతాయి. మంట ఎక్కువైతే ఆ పూట ఆపండి. మణికట్టు నొప్పి వస్తే మాత్రం పట్టు తప్పుగా ఉందని గుర్తించి సరిచేసుకోండి.

గదిలో నైట్ డ్యూటీ చేసి నిద్రపోయేవాళ్లుంటే బ్రిడ్జి పక్కన తీగల కింద మడిచిన గుడ్డ దోపండి, తీగలు మీటే పిక్ వదిలేసి బొటనవేలితో మీటండి. శబ్దం బాగా తగ్గుతుంది, వేళ్ల సాధన ఆగదు. అజాన్ వినిపించగానే వాయించడం ఆపండి. తోటివారి నిద్రనూ ప్రార్థననూ గౌరవిస్తే మీ సాధనకు గదిలో అడ్డు చెప్పేవారుండరు.

11. మొదటి పాట

మోహనంలో ఉన్న పాట ఎంచుకోండి. కారణం ఇదీ: సి కార్డ్‌లో మోగేవి స, గ, ప. ఎ మైనర్‌లో మోగేవి ద, స, గ. రెండు కార్డుల్లోనూ మోహనం దాటిన స్వరం ఒక్కటీ లేదు. 1957 నాటి ‘మాయాబజార్’లో వెన్నెల పడవ మీద పాట మోహనంలో కట్టిందే. ముందు దాని పల్లవిని తీగల మీద స్వరాలుగా వెతుక్కుని వాయించండి. తర్వాత గొంతుతో పాడుతూ, పాట ప, గ ల చుట్టూ తిరిగేచోట సి, ద మీద నిలిచేచోట ఎ మైనర్ వేసి చూడండి. ఏది ఎక్కడ కుదురుతుందో మీ చెవే చెబుతుంది, దాన్ని నమ్మండి.

పల్లవి వచ్చాక ఫోన్‌లో రికార్డు చేసి వినండి. తాళం ఎక్కడ పరుగెడుతోందో, ఏ తీగ మూగబోతోందో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత నెలకోసారైనా అనుభవం ఉన్నవారికి వినిపించి చేతి పట్టు దిద్దించుకోండి. ఫుజైరా పక్కనే ఉంది. అక్కడి చర్చి బృందాల్లో గిటార్ వాయించేవారిని కలవచ్చు. వీడియో కాల్‌లో సొంత ఊళ్లోని గురువు దగ్గరా నేర్చుకోవచ్చు.

వచ్చే ఉగాదికో క్రిస్మస్‌కో నలుగురు తెలుగువాళ్లు చేరినచోట ఒక పాట వాయిస్తానని ఇప్పుడే ఎవరికైనా మాటివ్వండి. పాడేవారి శ్రుతి ముందే అడిగి తెలుసుకుని, క్యాపో ఏ మెట్టు మీదో రాసిపెట్టుకోండి. ఇచ్చిన మాటే మిమ్మల్ని రోజూ గిటార్ దగ్గర కూర్చోబెడుతుంది.