సముద్రం కథ చదువుదాం - లెక్క నేర్పుదాం



మన హాస్టల్లో చాలామందికి ఇంటి దగ్గర మూడు నుంచి ఆరేళ్ల లోపు తమ్ముడో, చెల్లెలో, అక్క పిల్లలో ఉంటారు. వాళ్లకు పుస్తకం చదివి వినిపించేవారెవరు? అమ్మానాన్నలు కూలికి వెళ్లి చీకటిపడ్డాక వస్తారు. చదువు రానివారూ ఉన్నారు. కనుక ఆ పని చేయగలిగింది మనమే. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను. సెలవులకు వెళ్లేటప్పుడు బట్టల సంచిలో ఒక బొమ్మల పుస్తకం కూడా పెట్టుకోండి. రోజుకు పావుగంట చాలు.

సముద్ర జీవుల పుస్తకమైతే కథతోపాటు లెక్క కూడా వస్తుంది. సముద్రమే చూడని పిల్లలకు అవెందుకని అడగవచ్చు. చూడనిదాన్ని చూపించడానికే కదా పుస్తకం! పైగా సముద్రం మనకు మరీ కొత్తదేమీ కాదు. పొలం గట్టు కన్నంలోని పీతకు ఎన్ని కాళ్లో సముద్రపు పీతకూ అన్నే. నడిచేవి 8, కొండీలు 2, మొత్తం 10. అష్టాచెమ్మాలో వేసే గవ్వ ఒకప్పుడు సముద్రపు నత్తకు పెంకు.

లెక్కించడమంటే ఏమిటి?

"ఒకటి, రెండు, మూడు" అని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పినంత మాత్రాన లెక్క వచ్చినట్టు కాదు. పిల్లలు లెక్క ఎలా నేర్చుకుంటారనే విషయంపై రోషెల్ గెల్మన్, ఛార్లెస్ గాలిస్టెల్ 1978లో ఒక పుస్తకం రాశారు. అందులోని ముఖ్య సూత్రాల్లో మూడు మనకు బాగా పనికొస్తాయి.

1. ఒక్కో వస్తువుకు ఒక్కటే అంకె చెప్పాలి. దేన్నీ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు లెక్కపెట్టకూడదు.
2. అంకెల వరుస మారకూడదు.
3. చివర చెప్పిన అంకే మొత్తం.

మూడోది పిల్లలకు ఆలస్యంగా అర్థమవుతుంది. అయిదు చేపలు లెక్కపెట్టిన పాపను "మొత్తం ఎన్ని?" అని అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. కసురుకోవద్దు. మీరే వేలు పెట్టి లెక్కించి, బొమ్మల చుట్టూ చెయ్యి తిప్పి, "మొత్తం అయిదు" అని చెప్పండి. నాలుగు రోజులు వింటే తనే అంటుంది.

చదివే పద్ధతి

పాపను పక్కన కూర్చోబెట్టుకొని, పుస్తకం ఇద్దరికీ కనిపించేలా పట్టుకోండి. ఒక వాక్యం చదివి ఆగండి. "ఇదేమిటి? ఏం చేస్తోంది?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. పేజీలు పూర్తికాకపోయినా నష్టం లేదు. రేపు మళ్లీ అదే పుస్తకం అడిగితే అదే చదవండి.

నక్షత్ర చేపకు సాధారణంగా 5 చేతులు. అవి గుండ్రంగా ఉంటాయి కనుక ఎక్కడ మొదలుపెట్టామో పిల్లలు మరిచిపోతారు. మొదటి చేతిమీద ఒక చింతగింజ పెట్టండి. తర్వాత వేరే చేతి నుంచి లెక్కించి చూపండి. ఎక్కడ మొదలుపెట్టినా అయిదే!

పుస్తకం దొరకకపోతే పాత నోటుబుక్కు కాగితాల మీద మీరే బొమ్మలు వేయండి. తాబేలుకు తెడ్డు లాంటి కాళ్లు 4. ఆక్టోపస్‌కు చేతులు 8, గుండెలు 3. రొయ్యకు నడిచే కాళ్లు 10. జెల్లీ చేపకు ఎముకలెన్ని? ఒక్కటీ లేదు. సున్న నేర్పడానికి ఇంతకంటే మంచి బొమ్మ ఏముంది? కాస్త పెద్ద పిల్లలకు ఆలివ్ రిడ్లే తాబేలు కథ చెప్పండి. అది మన కోస్తా తీరానికి వచ్చి ఇసుకలో గొయ్యి తీసి సుమారు 100 గుడ్లు పెడుతుంది. చింతగింజలను పదేసి చొప్పున పది కుప్పలు పోస్తే నూరంటే ఎంతో కంటికి కనిపిస్తుంది.

మన తెలుగులో ఇంకో విశేషముంది. చేపలైతే రెండు, మూడు, నాలుగు. మనుషులైతే ఇద్దరు, ముగ్గురు, నలుగురు. పడవ బొమ్మ చూపి "చేపలెన్ని? జాలరులెందరు?" అని అడిగితే రెండూ అలవాటవుతాయి.

అమ్మను కూడా కూర్చోబెట్టండి

అక్షరాలు రాకపోయినా అమ్మ బొమ్మ చూసి కథ చెప్పగలదు. నారు కట్టలు, కూలి రోజులు లెక్కపెట్టే అమ్మకు లెక్క రాదని ఎవరనగలరు? మనం హాస్టలుకు తిరిగి వచ్చాక ఆ పుస్తకం తెరిచేది అమ్మే. కనుక దాన్ని ఇంట్లోనే ఉంచి రండి.

పుస్తకమంటే బెరుకు లేకుండా బడికి వెళ్లే పాపకు ఒకటో తరగతి సగం సులువవుతుంది. మన ఇంట్లో రెండో గ్రాడ్యుయేటుకు ఆ పావుగంటే మొదటి పాఠం కావచ్చు. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.

- ఒక పూర్వ విద్యార్థి, పి.జి.