తండ్రి తుపాకి కొడుకుదేనా?

పెనుకొండ దగ్గర ఒక పల్లె అనుకుందాం. అక్కడ ఒక రైతు ఉన్నాడు. పంట కాపలా కోసం లైసెన్సు తీసుకుని తుపాకి పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఆయన చనిపోయాడు. తుపాకి గోడకే వేలాడుతూ ఉంది. కొడుక్కి 19 ఏళ్లు.

"మీ నాయన సొత్తు కదా అల్లుడూ, ఇంక నీదే. పెట్టుకో" అన్నాడు మేనమామ.

"భూమి పిల్లోని పేరుకు మారినట్లు ఇది కూడా మారుతుందా అన్నా?" అని అడిగింది తల్లి.

మారదు. లైసెన్సు ఇచ్చేది మనిషికి. ఆ మనిషి పోతే ఆ కాగితం చెల్లదు. ఆలస్యం చేయకుండా తుపాకిని, మిగిలిన తూటాలను దగ్గరి పోలీసు స్టేషనులో అప్పగించాలి. రసీదు అడిగి తీసుకోవాలి. కొడుకు తన పేరున లైసెన్సు తెచ్చుకుంటే ఆ తుపాకిని తిరిగి తీసుకోవచ్చు. కాని దానికి 21 ఏళ్లు నిండాలి. అర్జీ కలెక్టరుకు పెట్టాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్లు 2022 ఏప్రిల్ దాకా అనంతపురం పోవాల్సి వచ్చేది. ఇప్పుడు మనది శ్రీ సత్యసాయి జిల్లా, కలెక్టరాఫీసు పుట్టపర్తిలో ఉంది. పోలీసులు విచారించి రిపోర్టు పంపుతారు. వయసు నిండిందని లైసెన్సు ఇచ్చి తీరాలని లేదు.

ఈ 21 ఏళ్ల లెక్క మొదటి నుంచీ లేదు. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. అప్పుడు 16 ఏళ్లు నిండితే చాలు. 1983లో దాన్ని 21 చేశారు. ఓటు సంగతి చూడండి. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. ఓటు తప్పు వేస్తే అయిదేళ్లకు దిద్దుకోవచ్చు. తుపాకి పేలితే దిద్దుకోవడానికి ఏముంది?

మన పిల్లలు చదువుకు పోయే అమెరికాలో ఈ వాదన ఇంకా నడుస్తోంది. అక్కడ చాలా చోట్ల 18 నిండితే పొడుగు తుపాకి కొనవచ్చు. 2022 మే 24న టెక్సాస్‌లోని యువాల్డి ఊరి బడిలో 18 ఏళ్ల కుర్రవాడు 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను కాల్చి చంపాడు. తుపాకులు కొన్నది 18 నిండిన కొద్ది రోజులకే.

మన దగ్గర కూడా 21ని 25 చేస్తే మేలు కదా అనవచ్చు. చేస్తే చేయనీ. కాని మన సీమ కథ వేరు. 1997 నవంబరు 19న హైదరాబాదులో పరిటాల రవి మీద గురిపెట్టి కారు బాంబు పేల్చారు. 26 మంది చనిపోయారు. 2005 జనవరి 24న, పెనుకొండ ఎమ్మెల్యేగా ఉన్న ఆయనను అనంతపురంలో కాల్చి చంపారు. నాటు బాంబు చుట్టేవాడు ఎవరి వయసూ అడగడు. దొంగ తుపాకి అమ్మేవాడూ అడగడు. కక్ష ఉన్న ఇంట్లో పిల్లోని చేతికి ఆయుధం అందించేది చాలాసార్లు ఇంటి పెద్దలే. 21 నిండలేదని తెలిసి కూడా తుపాకి అమ్మితే నేరం. అప్పగించినా నేరమే. మేనమామ అయినా అంతే.

మాట్లాడుకోండి:
మేనమామ మాట వింటే ఆ కొడుక్కి ఏం జరగవచ్చు? తల్లి ఏం చేయాలి?
మీ ఊళ్లో కక్షల వల్ల చదువు మానేసిన పిల్లలు ఉన్నారా?

రాయండి:
ఆ తల్లి తరఫున పోలీసు స్టేషనుకు అర్జీ రాయండి. భర్త చనిపోయిన తేదీ, లైసెన్సు నంబరు, అప్పగించే తూటాల లెక్క అందులో ఉండాలి. చివర "రసీదు ఇప్పించగలరు" అని రాసి సంతకం చేయండి.