చలికి మొరాయించే ట్రాక్టర్ గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మిషిగన్ నుంచి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు వినగానే తెలిసింది, పొద్దుటి నుంచీ ఆ ట్రాక్టరుతో కుస్తీ పడుతున్నావని. "కార్బరేటర్ మొత్తం ఊడదీశాను మామయ్యా, ఇక ఏం చెయ్యాలి?" అన్నావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే రాసి పంపుతున్నాను. గరాజ్‌లో గోడకి అంటించుకో.

నీకు దొరికింది మంచి బండి. కబ్ క్యాడెట్ 128 అంటే 1970ల మొదట్లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు చేసింది. ఒకే సిలిండరున్న కోలర్ కె301 ఇంజను, 12 హార్స్ పవర్, పోత ఇనుము బ్లాకు. సెన్సార్లూ కంప్యూటర్లూ లేవు. నాలుగు స్పానర్లు, ఒక ఫీలర్ గేజ్, ఒక వోల్ట్ మీటర్ ఉంటే చాలు, దాని లోపల ఏం జరుగుతోందో నువ్వే కనిపెట్టగలవు. ఆగస్టులో గడ్డి కోసినప్పుడు చక్కగా నడిచిందన్నావు. మంచు తొయ్యాల్సిన రోజున మొరాయించిందంటే ఇంజను ఉన్నట్టుండి పాడైపోయిందని అనుకోకు. ఎండాకాలంలో కప్పిపుచ్చుకున్న చిన్న చిన్న లోపాలన్నీ చలికి ఒక్కసారిగా బయటపడతాయి. వాటిలో కార్బరేటర్ వంతు వచ్చేది చివర్లోనే. నువ్వు దానితో మొదలుపెట్టావు, అంటే రోగమేదో తేలకుండానే కత్తి పట్టావు.

ఆ తప్పు నేనూ చేశాను. ఈ దేశంలో నా మొదటి పాత ట్రాక్టరు కోసం రెండు శనాదివారాలు మంచులో నిలబడ్డాను. జెట్లు కడిగాను, కొత్త కాయిల్ కొన్నాను. చివరికి తేలిందేమిటంటే, ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట తుప్పు. స్టార్టరు తిరుగుతూనే ఉంది, కానీ నీరసంగా. అది కరెంటంతా లాగేసుకుంటుంటే కాయిల్‌కి చాలినన్ని వోల్టులు అందడం లేదు. వైరు విప్పి, ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది బిగిస్తే వెంటనే అందుకుంది. అప్పటి నుంచీ చలికాలంలో ఏ బండి మొరాయించినా నా చెయ్యి ముందు పోయేది ఎర్త్ వైరు మీదికే.

కాబట్టి నీ మొదటి ప్రశ్న: ఇంజను ఎలా తిరుగుతోంది? చురుగ్గానా, మూలుగుతూనా? బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. తిప్పుతున్నప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి పడితే బ్యాటరీనో వైర్లనో అనుమానించు. మీ మినెసోటా చలికి, మైనస్ 18 సెల్సియస్ దగ్గర, బ్యాటరీ బలం సుమారు సగానికి పడిపోతుంది. అదే సమయంలో ఆయిల్ చిక్కబడి ఇంజను మామూలు కంటే ఎక్కువ బలం అడుగుతుంది. వేసవిలో పోసిన 30 నంబరు ఆయిల్ ఇంకా అలాగే ఉంటే తీసేసి 5డబ్ల్యూ-30 పొయ్యి. క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుని తిప్పు, గేర్‌బాక్స్‌లో చిక్కబడ్డ నూనె బరువు ఇంజను మీద పడదు. నీ బండికి స్టార్టరూ జనరేటరూ ఒకటే, బెల్టుతో తిరుగుతుంది. బెల్టు వదులైతే చలికి గట్టిపడి జారుతుంది, అదీ చూడు. ఒక్క మాట మాత్రం మర్చిపోకు: పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మైనస్ 7 దగ్గరే గడ్డకట్టగలదు. పక్కలు ఉబ్బి కనిపిస్తే ఛార్జరు పెట్టకు, జంప్ చెయ్యకు. పగిలిపోయే ప్రమాదముంది.

నువ్వు కంప్రెషన్ గేజ్ పెట్టి చూసి "రింగులు పోయినట్టున్నాయి" అన్నావు చూడు, ఆ మాట నమ్మకు. మన ఊళ్లో మీ తాతయ్య ఆయిల్ ఇంజను స్టార్ట్ చెయ్యడం నువ్వు చూడలేదు. భోగి ముందు చలిలో, తెల్లవారుజామున, పైనున్న లివరు ఎత్తి పట్టుకుని హ్యాండిల్ తిప్పేవారు. వాల్వు తెరిచి ఉంటుంది కాబట్టి చెయ్యి తేలిగ్గా తిరిగేది. వేగం అందుకోగానే లివరు వదిలేసేవారు, ఇంజను డుబ్ డుబ్‌మని అందుకునేది. నీ కోలర్ ఇంజనులో ఆ లివరు పని దానంతటదే జరుగుతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు క్యామ్ షాఫ్ట్ మీది చిన్న ఏర్పాటు ఎగ్జాస్ట్ వాల్వును కాస్త ఎత్తి ఉంచుతుంది, వేగం పెరిగాక వదిలేస్తుంది. అందుకే స్టార్టరుతో తిప్పుతూ గేజ్ పెడితే అంకె ఎప్పుడూ తక్కువే చూపుతుంది. దాన్ని చూసి ఇంజను విప్పావంటే మంచి ఇంజనును చేతులారా పాడుచేసుకున్నట్టే.

చురుగ్గా తిరుగుతున్నా అందుకోకపోతే, నాలుగైదుసార్లు తిప్పి ప్లగ్ విప్పి చూడు. నాకు తెలిసినంతలో ఇంతకు మించిన పరీక్ష లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వ లేదన్నమాట. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. తడిగా ఉంటే బ్లాకు పక్కన చిన్న మూత తీసి పాయింట్లు చూడు. చల్లటి గరాజ్‌లో వాటి మీద చెమ్మ పడుతుంది. శుభ్రమైన విజిటింగ్ కార్డు ముక్క మధ్యలో పెట్టి లాగు, పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు అంగుళంలో వెయ్యికి 20 వంతులుండాలి. ప్లగ్ సందు 35 వంతులు. పొడిగా ఉంటే ట్యాంకు మూతకున్న సన్నటి గాలి రంధ్రం మంచుతో మూసుకుందేమో, పెట్రోలు గొట్టంలో నీళ్లు గడ్డకట్టాయేమో చూసుకో. కొంచెం పెట్రోలు గాజు సీసాలోకి దింపి కాసేపు కదపకుండా ఉంచితే, నీళ్లు అడుగున వేరుగా కనిపిస్తాయి. డబ్బాలో మిగిలిన ఆగస్టు పెట్రోలు అసలు వాడకు. చలికాలంలో బంకుల్లో అమ్మేది తేలిగ్గా ఆవిరయ్యేలా తయారుచేస్తారు, వేసవి పెట్రోలుకు ఆ గుణం తక్కువ. ఎయిర్ ఫిల్టరు తీసి చోక్ రేకు పూర్తిగా మూసుకుంటోందో లేదో కళ్లతో చూడు. లివరు లాగాను కదా అనుకోకు, కేబులు సాగిపోయి ఉండొచ్చు.

ఇంకో రకం ఉంది, అది చాలామందిని తికమక పెడుతుంది. స్టార్టవుతుంది, పది నిమిషాలు బాగానే నడుస్తుంది, తర్వాత నీరసపడి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ లేస్తుంది. ఇది సున్నాకి అటూ ఇటూగా, గాలిలో చెమ్మ ఉన్న రోజుల్లో ఎక్కువ. పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ వేడిని లాగేసుకుంటుంది, కార్బరేటర్ గొంతులో మంచు పేరుకుని దారి మూసేస్తుంది. ఆగాక ఇంజను వేడికి అది కరిగిపోతుంది కనుక నువ్వు విప్పి చూసేసరికి ఏమీ కనిపించదు! అలాంటి రోజున స్క్రూలు తిప్పకు. ఇంజను మీది వెచ్చటి గాలి కార్బరేటర్ వైపు మళ్లేలా రేకు అడ్డం కట్టు. డిప్‌స్టిక్ దగ్గర్నుంచి ఆయిల్ చిమ్ముతుంటే మాత్రం వెంటనే ఆపెయ్యి, బ్రీదర్ గడ్డకట్టి ఉంటుంది.

ఈథర్ స్ప్రే జోలికి పోకు. గరాజ్ తలుపు మూసి ఇంజను నడపకు, ఒక్క నిమిషమైనా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పిల్లలు పడుకునే గది ఆ గరాజ్ పైనే ఉంది కదా నాయనా, ఈ ఒక్క సంగతి మాత్రం నా మీద ఒట్టేసి పాటించు.

శనివారం కార్బరేటర్ బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ వెయ్యి. తర్వాత ఎర్త్ వైరు, బ్యాటరీ, ప్లగ్, ఈ వరసలో వెళ్లు. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చిందల్లా ఇక్కడే రాసుకో. కింద ఖాళీ వదిలాను. అందుకున్నాక ఫోను ఇంజను దగ్గర పెట్టు, ఆ చప్పుడు నేనూ వింటాను. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య