పెరంబూరు: ఒక పేట చరిత్ర, ఇరుగుపొరుగు ఐక్యత

చెన్నపట్టణానికి వచ్చి స్థిరపడిన తెలుగువారికి పెరంబూరు తరచుగా ఒక రైల్వే స్టేషను పేరుగా మాత్రమే పరిచయమవుతుంది. అయితే ఆ పేరు వెనుక ఒక చిన్న గ్రామం పారిశ్రామిక పేటగా ఎదిగిన కథ ఉన్నది.

గ్రామం నుండి పేటగా

ఆర్కాటు నవాబు 1742లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన అయిదు గ్రామాలలో పెరంబూరు ఒకటి. వేపేరి కూడా ఆ అయిదింటిలోనిదే. దక్షిణ భారతదేశపు తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న రాయపురం నుండి బయలుదేరింది. ఆ కాలంలోనే మద్రాసు రైల్వే కంపెనీ పెట్టెల మరమ్మతుకు పెరంబూరులో కర్మాగారాన్ని నెలకొల్పింది. పందొమ్మిదవ శతాబ్ది చివరి పాతికేళ్ళలో ఈ ప్రాంతాన్ని ఆనుకొని బకింగ్‌హామ్, కర్ణాటిక్ నూలు మిల్లులు వెలిశాయి. పని వెదుక్కుంటూ వచ్చినవారితో వీధులు నిండాయి. 1953 వరకు ఆంధ్ర ప్రాంతానికీ రాజధాని మద్రాసే కనుక, జీవనోపాధికై ఈ నగరానికి వచ్చిన తెలుగువారు పరాయి రాష్ట్రానికి వచ్చామని అనుకోలేదు.

భజన మందిరం నుండి కార్మిక సంఘానికి

మిల్లుల సమీపాన వేంకటేశ గుణామృతవర్షిణి సభ అనే భక్త సమాజం ఉండేది. సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు దాని నిర్వాహకులు. ప్రవచనాలు వినడానికి వచ్చిన కార్మికులు తమ కష్టాలను కూడా అక్కడే చెప్పుకొనేవారు. మధ్యాహ్న భోజనానికి చాలినంత విరామం లేకపోవడం, పై అధికారుల దురుసుతనం వాటిలో ముఖ్యమైనవి. నిర్వాహకులు ఈ సంగతులను బి.పి. వాడియా దృష్టికి తెచ్చారు. ఫలితంగా 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడింది. భారతదేశంలో క్రమబద్ధంగా ఏర్పడిన తొలి కార్మిక సంఘంగా దానిని పేర్కొంటారు. వాడియా బొంబాయి పార్సీ, తిరు.వి. కల్యాణసుందరం తమిళ పండితుడు. భాష, మతం వేరైనా సమస్య ఒక్కటి చేసింది.

మిల్లు యాజమాన్యం వాడియా తదితరులపై హైకోర్టుకు వెళ్ళి నిషేధపుటుత్తర్వు పొందింది. సంఘం పెట్టుకోవడమే నేరంలా కనిపించిన ఆ పరిస్థితి కార్మిక సంఘాలకు చట్టరక్షణ కావాలన్న వాదానికి బలమిచ్చింది. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది.

ఐక్యత చెదిరిన వేళ

ఈ చరిత్రలో దాచరాని అధ్యాయం ఒకటి ఉన్నది. 1921 నాటి సమ్మె నెలల తరబడి సాగింది. పనిలోకి తిరిగి వెళ్ళిన ఆదిద్రావిడ కార్మికులకూ, సమ్మెలో ఉన్న ఇతర కార్మికులకూ నడుమ వైరం రగిలింది. పులియంతోపులో గుడిసెలు తగలబడ్డాయి. పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. ఆకలి అందరిదీ ఒకటే అయినా అవమానం అందరికీ సమానం కాదు. కులవివక్షను పరిష్కరించకుండా పక్కన పెట్టిన ఐక్యత కష్టకాలంలో నిలువలేదు. పెరంబూరు నేర్పిన పాఠాలలో ఇదే మిక్కిలి విలువైనది.

స్వాతంత్ర్యానంతరం

1955 అక్టోబరు 2న ప్రధాని నెహ్రూ ఇక్కడి ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని ప్రారంభించారు. స్విట్జర్లాండు సంస్థ సాంకేతిక సహకారంతో మొదలైన ఈ కర్మాగారంలోనే 2018లో తొలి వందేభారత్ రైలు తయారైంది. దేశంలో గుండెకు తొలి బైపాస్ శస్త్రచికిత్స 1975లో పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేతుల మీదుగా జరిగింది. నూలు మిల్లులు మాత్రం 1996లో శాశ్వతంగా మూతపడ్డాయి. పని పోయినా పొరుగు మిగిలింది.

నేటి నివాసికి

పెరంబూరు పరిసరాలు నేడు చెన్నై మహానగర పాలక సంస్థలో తిరు.వి.క. నగర్ మండలం కిందికి వస్తాయి. నాటి కార్మిక నాయకుని పేరే ఈ మండలానికి పెట్టారు. కనుక కొత్తగా వచ్చిన కుటుంబం తన చిరునామాలో ఆ చరిత్రనే వ్రాసుకుంటున్నది. నాడు భజన మందిరంలో చెప్పుకొన్న గోడును నేడు ఏరియా సభలో చెప్పుకొనవచ్చును. చెత్త, మురుగు, వీధిదీపాల వంటి ఇబ్బందులకు 1913 నంబరుకు ఫోను చేయవచ్చును. ఒక్క ఇంటి ఫిర్యాదు కంటె వీధి మొత్తం కలిసి ఇచ్చిన అర్జీకి బలం హెచ్చు. తమిళం రాదన్న సంకోచం అవసరం లేదు. పొరుగువారిని తోడు తీసుకొని వెళితే చాలును.

ఆలోచించండి

1. కార్మికుల కష్టాలు భక్త సమాజంలో ఎందుకు బయటపడ్డాయి?
2. 1921లో ఐక్యత చెదరడానికి మూలకారణమేమి?
3. మీ వీధిలో ఎవరి మాట ఇంతవరకు వినబడలేదు? వారిని ఏరియా సభకు ఎట్లా తోడ్కొని వెళ్ళగలరు?