ఈగగాలము - మఱుగుముడి

గాలమునకు ఎఱ గ్రుచ్చి చేపను పట్టుట మనమెఱిగిన పనియే. వానపామునో, పిండిముద్దనో కొక్కెమునకు గ్రుచ్చి చెఱువులో వేయుదుము. కాని చల్లని కొండవాగులలో వసించు ట్రౌట్ అను చేప నీటిపై వ్రాలు ఈగలను, నీటిలో పెరుగు చిన్న పురుగులను మక్కువతో తినును. అట్టి పురుగు అతి సుకుమారమైనది. గాలమునకు గ్రుచ్చినచో నిలువదు. అందుచేత వేటగాండ్రు గాలమునకే ఈకలును, ఉన్నియు దారముతో చుట్టి పురుగు రూపము కల్పించిరి. ఈ పాఠమున దానిని ఈగగాలమందము.

ఈ విద్య చాల ప్రాచీనమైనది. క్రీ. శ. 200 ప్రాంతమువాడైన ఏలియన్ అను రోమను రచయిత, మాసిడోనియా జాలరులు గాలమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడక్రింది ఈకలు రెండు దానికి కట్టుదురని వ్రాసియున్నాడు. ఇంగ్లండులో 1496వ సంవత్సరమున అచ్చుపడిన గాలపువేట గ్రంథములో 12 విధములైన ఈగల వర్ణన కలదు. తమిళనాడున నివసించు మనకు ట్రౌట్ దూరపు చేప కాదు. అది నీలగిరులకు స్వదేశి కాకపోయినను, 1863లో ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు దానిని అచ్చటికి తెచ్చుటకు మొదట యత్నించెను. ఆ యత్నము ఫలింపలేదు. 20వ శతాబ్దపు తొలి దశకమున విల్సన్ అను నతని కృషివలన అవలాంచి యొద్ద గ్రుడ్లు పొదిగించు శాల ఏర్పడి, ఆ చేప ఆ వాగులలో స్థిరపడినది. కెన్యా, శ్రీలంక దేశములలో ఈగగాలములు కట్టుట ఎగుమతికై చేయు చేతిపనిగా నడచుచున్నది.

ఇక పనిలోనికి వత్తము. ఈకలు పొందికగా అమర్చుటకు అరగంట పట్టవచ్చును. అంతయు ముగిసిన పిదప దారమును ఆపి కత్తిరింపవలెను. అరగంట శ్రమయు ఆ చివరి పదిక్షణములపై ఆధారపడియుండును. ముగింపు సరిగా లేనిచో మూడవసారి నీట విసరునప్పటికి దారము సడలును. ఈకలు ఒక్కొక్కటిగా వాగుపాలగును. గాలము మాత్రము బోసిగా మిగులును.

ముందుగా ఆరంభము నెట్లు బిగింతురో గమనింపుడు. దారపు కొసను గాలపు కాడ వెంబడి పండుకొనబెట్టి, మిగిలిన దారమును ఆ కొసమీదుగానే చుట్టుదురు. ముడి యేదియు లేదు. కొస చుట్లక్రింద పూడిపోయి, ఆ చుట్ల ఒత్తిడి చేతనే కదలకుండును. ఇది పిల్లలకుగూడ వెంటనే బోధపడును. చిక్కు అంత్యమున వచ్చును. ఆరంభమున పూడ్చవలసిన కొస వేఱు, చుట్టవలసిన దారము వేఱు. అంత్యమున రెండును ఒకటే. ఏ దారముతో చుట్టవలెనో ఆ దారమే చుట్లక్రిందికి పోవలెను. తన్ను తానెట్లు పూడ్చుకొనును?

కొందఱు ఈ చిక్కును తప్పించుకొని ఒంటిముడులతో సరిపెట్టుకొందురు. ఒంటిముడిని మీరందఱు చూచియే యున్నారు. మీ తల్లులు మల్లెమొగ్గల కాడలపై దారమును మెలిబెట్టి తొడిగి లాగెదరే, అది దాదాపు ఇదియే. పూలమాల సాయంకాలము వఱకు నిలిచిన చాలును. ఈగగాలము ఱాళ్ళకు ఒరసికొని, చేప పండ్లకు చిక్కి, తడిసి ఆరి మరల తడియవలసినది. ఒంటిముడిలో దారము తనక్రింద తాను ఒక్క తావుననే దూరియుండును. మైనము పూసిన పాతకాలపు పట్టుదారమున అది కొంత పట్టియుండెడిది. నేటి నైలాను దారము నున్ననిది, సాగునది. పట్టు వదలిన వెంటనే తిరిగి ముడుచుకొనును. రెండు మూడు ఒంటిముడులు వేసి పైన లక్కనీరు పూసినను అది రెండవ తరగతి ముగింపే యని మా యభిప్రాయము.

దీనికి మేలైన యుపాయము వేఱొకటి కలదు. దానికి తెలుగున వాడుకలోనున్న పేరు మా చెవిని పడలేదు. కొస మఱుగుపడును గనుక ఇచ్చట మఱుగుముడి యందము. ఇంతకంటె మంచి పేరు ఏ యింటనైనను ఉన్నచో మాకు తెలుపుడు.

గాలముతో నేర్వబూనవలదు. ఒక పెన్సిలును, రెండు మూరల పురికొసను తీసికొనుడు. పురికొసలో సగము సిరాలో ముంచి ఆరబెట్టుడు. పెన్సిలు మొన కుడివైపున నుండునట్లు బల్ల అంచున దానిని బిగింపుడు. తెల్లని కొసతో ఆరంభించి, మీద చెప్పినట్లు కొసపైనుండియే కుడివైపునకు చుట్టుచు పొండు. తెలుపు కొంత మిగిలియుండగా నిలుపుడు. ఇప్పుడు దారము మీ వైపునకు వ్రేలాడుచుండును. నల్లని భాగమును పైకి మడచి తెచ్చి, పెన్సిలు వెంబడి ఎడమవైపునకు, పాత చుట్లమీదుగా పండుకొనబెట్టి ఎడమచేతి బొటనవ్రేలితో నొక్కిపట్టుడు. తెలుపునకును నలుపునకును నడుమ ఒక ఉచ్చు వ్రేలాడును. ఆ ఉచ్చులోని తెల్లని పాయను పెన్సిలు చుట్టును, నల్లని పాయమీదుగా త్రిప్పుడు. ప్రతి త్రిప్పుటలోను ఉచ్చు పెన్సిలు మొనను దాటి రావలెను. ఒక చుట్టు ప్రక్కన ఒకటి చొప్పున అయిదు చుట్లు చాలును. పిమ్మట ఎడమవైపున నున్న నల్లని కొసను మెల్లగా లాగుడు. ఉచ్చు చిన్నదై చిన్నదై తెల్లని చుట్లక్రింద దూరి మాయమగును.

తెలుపు చుట్టవలెను, నలుపు పండుకొనవలెను. నలుపు చుట్టుచు తెలుపు పండుకొన్నట్లు కనబడినచో పాయలు తారుమారైనవని గ్రహించి విప్పి మరల మొదలిడుడు. ఉచ్చు మూయునపుడు అది మెలివడి అడ్డగించుట సాధారణము. అందుకై ఉచ్చులో ఒక సూదిని దూర్చి, కొసను లాగుచున్నంతసేపు ఉచ్చును కొంచెము బిగువుగా పట్టి, చిట్టచివర సూదిని తీసివేయవలెను.

ఇంత సన్నని దారము ఎట్లు నిలుచునని అడుగవచ్చును. పడవత్రాడును గుంజకు చుట్టు వారిని తలచుకొనుడు. ఒరపిడి గుణకము 0.2 అనుకొన్నచో, ఒక పూర్తి చుట్టుచే మన చేతిబలము ఇంచుమించు 3.5 రెట్ల లాగుడును ఆపగలదు. రెండు చుట్లచే 12 రెట్లు, మూడు చుట్లచే 43 రెట్లు. ఇది కూడిక కాదు, గుణకారము. మఱుగుముడిలో ఒరపిడి కొంత వేఱుగా పనిచేయును. పూడిన పాయను ప్రతి చుట్టును పైనుండి నొక్కిపట్టును. పడవత్రాటి వలెనే ఇచ్చటను పట్టును పెంచునది చుట్ల సంఖ్యయే. త్రాటికొస విచ్చుకొనకుండ నావికులు చుట్టు నూలుకట్టును ఈ సూత్రముననే నిలుచును.

పెన్సిలుపై చేయి కుదిరిన పిదప గాలమును పట్టవచ్చును. 10వ అంకెది తీసికొనుడు. అంకె పెరిగినకొలది గాలము చిన్నదగును. పెద్దలు దగ్గఱనుండి మొనకడనున్న ఎదురుముల్లును శ్రావణముతో నొక్కి చదును చేయవలెను. ఇచ్చట పలువురు చెడునది ముడిలో గాదు, స్థలములో. ఈకలను గాలపు కన్ను వఱకు కట్టివేసి, ముడికి తావు లేక దారమును కన్నుపైననే చుట్టుదురు. కన్ను మూసికొనిపోయినచో గాలము పనికిరాదు. కనుక ఆరంభముననే కంటి వెనుక కన్నంత చోటు విడిచిపెట్టుడు. ముడి మూసినపిదప కొసను బిగువుగా పట్టి కత్తెరతో మొదలంట కత్తిరించి, సూదిమొనతో లక్కనీటి చుక్క నద్ది, ఆ సూదినే తుడిచి కన్నులో దూర్చి తెఱచియున్నదో లేదో చూడుడు.

చేతిపని చదువునకు అడ్డమని తలచు తలిదండ్రులు కొందఱు గలరు. వారికొఱకే ఈ తెలుగు అభ్యాసమును చేర్చుచున్నాము. పటము గీయక, చేయి చూపక, మఱుగుముడి వేయు విధమును పది వాక్యములలో వ్రాయుడు. కొస, పాయ, ఉచ్చు, చుట్టు అను మాటలలో ప్రతిదానిని ఒకే యర్థమున వాడుడు. పిమ్మట ఈ పాఠము చదువని యింటివారొకరికి ఆ కాగితమును, పెన్సిలును, పురికొసను ఇచ్చి కూర్చుండబెట్టుడు. వారి ఉచ్చు మూసికొనక నిలిచినచో ఏ వాక్యమువద్ద నిలిచినదో గుర్తించి, ఆ వాక్యమును తిరిగి వ్రాయుడు. వారు ముడి వేయుచున్నంతసేపు వ్రాసినవారు పెదవి విప్పరాదు.