సభలో గొంతు పెగలాలంటే: ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: విషయం క్షుణ్ణంగా తెలిసినా, సభలో లేచి నిలబడగానే నోరు తడారిపోయి కాళ్లు వణకడానికి కారణమేమిటి? దీన్ని పూర్తిగా పోగొట్టుకోవడం సాధ్యమేనా?
– బ్యాంకు ఉద్యోగిని, ఖమ్మం

జవాబు: పదిమంది చూపులూ ఒక్కసారిగా తన మీద పడినప్పుడు కలిగే ఈ వణుకునే సభాకంపం అంటారు. ఆపద ఎదురైందని మెదడు భావించగానే, మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి విడుదల చేయడంతో గుండె వేగం పెరిగి కండరాలు బిగుసుకుంటాయి. అదే సమయంలో లాలాజలం తగ్గి చిక్కబడటం వల్ల నాలుక అంగిలికి అంటుకున్నట్లవుతుంది. ఇది అసమర్థతకు గుర్తు కాదు, పోరాడటానికో పారిపోవడానికో శరీరం చేసుకునే సన్నాహం మాత్రమే. కాబట్టి దీన్ని సమూలంగా తొలగించుకోవాలని పట్టుబట్టడం కన్నా, ఇది ఉండగానే మాట్లాడటం అలవరచుకోవడం మేలు.

నిజానికి వక్తను ఎక్కువగా కుంగదీసేది వణుకు కాదు, ఆ వణుకు అందరికీ కనిపిస్తోందన్న ఊహ. లోపలి కలవరం ఉన్నదానికన్నా ఎక్కువగా పైకి తెలిసిపోతోందని మనిషి అనుకోవడాన్ని మనస్తత్వ శాస్త్రంలో పారదర్శకతా భ్రమ అంటారు. కెన్నెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఈ సంగతి ముందే తెలిసిన వక్తలు తెలియనివారికన్నా మెరుగ్గా మాట్లాడినట్లు తేలింది.

లండన్‌లో చదువుకునే రోజుల్లో రాసుకొచ్చిన ప్రసంగాన్ని సైతం చదవలేక మరొకరి చేత చదివించవలసి వచ్చిందనీ, 1891లో స్వదేశానికి బయలుదేరే ముందు మిత్రులకిచ్చిన విందులో అనుకున్న ప్రసంగం మొదటి వాక్యం దాటలేదనీ గాంధీజీ ఆత్మకథలో రాసుకున్నారు. ఆయనే 1893లో ప్రిటోరియాలోని భారతీయుల ఎదుట, వ్యాపారంలో సత్యం పాటించడం గురించి మాట్లాడారు. తన జీవితంలో తొలి బహిరంగ ప్రసంగం అదేనని చెప్పదగునని కూడా పేర్కొన్నారు. లండన్‌లో ఆయన దృష్టి తన మీదే నిలిచింది; ప్రిటోరియాలో ఎదుట కూర్చున్న వర్తకులకు తప్పనిసరిగా చెప్పవలసిన మాట ఒకటి ఆయన దగ్గర ఉంది. ఈ తేడాను గ్రహించడమే సభాకంపానికి అసలైన మందు.

ప్రశ్న: ప్రసంగాన్ని కంఠస్థం చేయడం మంచిదా, కాగితం చూసి చెప్పడం మంచిదా?
– ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, పార్వతీపురం

జవాబు: కంఠస్థం చేసిన ప్రసంగం గొలుసు వంటిది; ఒక్క కొక్కెం ఊడితే మిగిలినదంతా జారిపోతుంది. ప్రసంగాలను బట్టీపట్టే అలవాటున్న విన్‌స్టన్ చర్చిల్ 1904లో బ్రిటిష్ కామన్స్ సభలో మధ్యలో మాట తట్టక కూర్చోవలసి వచ్చింది. ఆ తర్వాత ఆయన వివరమైన నోట్సు చేతిలో లేకుండా ప్రసంగించడానికి ఇష్టపడలేదు. అలాగని పూర్తి పాఠాన్ని తలవంచుకుని చదివితే, శ్రోతల ముఖాలు చూసే అవకాశమే ఉండదు. మొదటి రెండు వాక్యాలనూ చివరి వాక్యాన్నీ నోటికి వచ్చేలా చేసుకుని, మధ్య భాగానికి నాలుగైదు ముఖ్యాంశాలను పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసుకోవడం ఎక్కువమందికి నప్పే పద్ధతి.

మన సభల్లో వేదికనలంకరించిన పెద్దలందరినీ హోదాలతో సహా పేరుపేరునా సంబోధించే ఆనవాయితీ వల్ల, శ్రోతలు అత్యంత శ్రద్ధగా ఉండే తొలి నిమిషాలు వృథా అవుతున్నాయి. ఒక్క నమస్కారంతో అందరినీ గౌరవించి నేరుగా విషయంలోకి వెళ్లడం అమర్యాద కాదు. తల్లిదండ్రుల సమావేశంలో బడి మానేస్తున్న పిల్లల గురించి మాట్లాడవలసిన ఉపాధ్యాయుడు, విద్య ప్రాముఖ్యాన్ని వర్ణించడం కన్నా, “జూన్‌లో తొమ్మిదో తరగతిలో 30 మంది ఉన్నారు, సంక్రాంతి తర్వాత 22 మందే వస్తున్నారు, మిగతా 8 మంది ఈ ఉదయం ఎక్కడున్నారు?” అని మొదలుపెడితే చాలు, ప్రతి తల్లీ తలెత్తి చూస్తుంది.

సాధన కళ్లతో కాక నోటితోనే జరగాలి. కాగితం మీద చక్కగా కనిపించే పొడుగాటి వాక్యం పలికేటప్పుడు ఊపిరికి అందదు. పైకి చదివినప్పుడే ఆ సంగతి బయటపడుతుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఊతపదాలు, అంటే మాట తట్టనప్పుడు అలవాటుగా దొర్లే ‘అంటే’, ‘మరి’, ‘సో’ వంటివి, ఎక్కడెక్కడ వస్తున్నాయో తెలుస్తుంది. ఆ చోట మౌనంగా ఆగడమే మేలు. బుర్రకథలో వంతలు తందాన పలుకుతుండగా కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. వంతలు లేని ఉపన్యాసకుడు ఆ విరామాన్ని తానే కల్పించుకోవాలి.

ప్రశ్న: పల్లె యాసలో మాట్లాడితే పెద్ద సభల్లో చులకనవుతామన్న బెరుకు పోయేదెలా?
– మహిళా సంఘం నాయకురాలు, నారాయణపేట జిల్లా

జవాబు: ప్రజల వాడుక భాషకు రాతలోనూ బడిలోనూ చోటుండాలని పోరాడిన గిడుగు రామమూర్తి జయంతి ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా, ప్రజల పలుకుబడిని నెత్తిన పెట్టుకున్న కాళోజీ నారాయణరావు జయంతి సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవంగా జరుగుతున్నాయి. రాతకు సైతం తగిన భాష వేదికకు తగకపోవడమన్నది ఉండదు. అరువు తెచ్చుకున్న భాషలో మాట్లాడే వక్త, సగం శ్రద్ధను తప్పులు దొర్లకుండా చూసుకోవడానికే ఖర్చు చేస్తాడు. వినేవారికి తెలియని పదం వచ్చిన చోట దాని అర్థం విడమరిచి చెబితే సరిపోతుంది.

ప్రశ్న: మైకు ముందు పాటించవలసిన జాగ్రత్తలేమిటి?
– డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకు వంచి పట్టుకుంటే ప, ఫ, బ, భ అక్షరాలు పలికినప్పుడు గాలి తగిలి టప్పుమనదు. స్పీకర్ బాక్సుల నుంచి వచ్చే శబ్దం మళ్లీ మైకులోకే చేరి పెరుగుతూ పోవడం వల్ల కీచుమంటుంది కనుక, వాటికి ఎదురుగా నిలబడకూడదు, మైకు తలను అరచేత్తో మూయకూడదు.

ప్రశ్న: పెద్దయ్యాక సాధన మొదలుపెట్టినా ఫలితం ఉంటుందా?
– విశ్రాంత ఉద్యోగి, వరంగల్

జవాబు: తప్పక ఉంటుంది. కాలనీ సంఘం సమావేశంలో వందన సమర్పణ బాధ్యతను అడిగి తీసుకోవడం సులువైన తొలి అడుగు. ఆ తర్వాత ఒకరి పరిచయం, ఆపైన ఐదు నిమిషాల ప్రసంగం. అయితే ఈ బెరుకు చాలామందిలో బడి నాడే పాతుకుపోతుంది. ఆగస్టు 15, జనవరి 26 సభల్లో ఏటా బాగా మాట్లాడే ఆ ఇద్దరు ముగ్గురు పిల్లలకే మైకు అందే చోట, తక్కినవారు చప్పట్లకే పరిమితమవుతున్నారు. ఉపాధ్యాయులు ఈసారి వెనుక వరుసలో కూర్చున్న బిడ్డకు రెండే రెండు నిమిషాలు మైకు ఇవ్వాలి, తడబడినా మధ్యలో లాక్కోకుండా చివరిదాకా మాట్లాడనివ్వాలి.