డబ్బు తీసుకున్నాక ప్రయోగాలొద్దు: బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ పని

పెళ్లి ఆర్డర్‌తో పాటు రెండు రోల్స్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ కూడా తీయమని అడిగే క్లయింట్లు ఉన్నారు. అదనపు ఆదాయమే. అయితే కడిగేదాకా రోల్‌లో ఏముందో తెలీదు, తలంబ్రాలు మళ్ళీ పోయించలేం. ఒప్పుకునే ముందే ఒక ఫిల్మ్, ఒక డెవలపర్, ఒక టెంపరేచర్ ఖాయం చేసుకోండి.

పగటి వెలుతురుకు ఐఎస్ఓ 125 ఉన్న ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ చాలు, గ్రెయిన్ తక్కువ. ఫంక్షన్ హాల్‌కి 400 స్పీడు ఉన్న హెచ్‌పీ5 ప్లస్ గానీ, కొడాక్ ట్రై-ఎక్స్ గానీ తీసుకోండి. బాక్సు చదివి కొనండి. ఎక్స్‌పీ2 సూపర్ కూడా బ్లాక్ అండ్ వైటే, కానీ దాన్ని కలర్ నెగెటివ్‌ల సీ-41 పద్ధతిలో కడగాలి.

రిసెప్షన్‌లో వెలుతురు చాలక హెచ్‌పీ5ని 1600 దగ్గర తీశారనుకోండి. ఐడీ-11 డెవలపర్ స్టాక్‌లో, అంటే నీళ్లు కలపకుండా, 20 డిగ్రీల దగ్గర, 400కి ఏడున్నర నిమిషాలైతే 1600కి 14 నిమిషాలు. టైమ్ పెంచితే కాంట్రాస్ట్ పెరుగుతుంది, నీడలో నమోదు కాని వివరం మాత్రం రాదు. నల్ల సూటు, నల్ల జుట్టు ఒకటే ముద్దవుతాయి. ఫ్లాష్ కుదిరితే 400 దగ్గరే తీయండి. రోల్ మధ్యలో స్పీడు మార్చొద్దు, ట్యాంకులో రోల్ మొత్తానికీ ఒకటే టైమ్. తీసిన స్పీడు రోల్ మీద మార్కర్‌తో రాయండి.

మన దగ్గర ఎక్కువగా దెబ్బతీసేది ఎండ. వేసవిలో కుళాయి నీళ్లు 30 డిగ్రీలు దాటతాయి. డెవలపర్ వేడిగా ఉంటే టైమ్ తగ్గించాలి, అయిదు నిమిషాల లోపుకి దిగితే నెగెటివ్ మచ్చలుమచ్చలుగా వస్తుంది. అందుకే డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలపండి. 400కి 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర దాదాపు 9. ఐస్ డెవలపర్‌లో వేయొద్దు, సీసాలనే ఐస్ నీళ్ల టబ్బులో పెట్టండి. ఫిక్సర్, కడిగే నీళ్లు కూడా దాదాపు అదే టెంపరేచర్‌లో ఉండాలి. బోరు నీళ్ల ఉప్పు మరకలు పడకుండా చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌లో ముంచండి.

ప్రతిసారీ ముందు ఫిల్మ్ ముక్క ఒకటి ఫిక్సర్‌లో వేసి చూడండి. అది తేటపడటానికి పట్టిన టైమ్‌కి రెట్టింపు ఫిక్స్ చేయాలి. నెగెటివ్ పాలలా కనిపిస్తే కంగారొద్దు, మళ్ళీ ఫిక్సర్‌లో వేస్తే సరిపోతుంది. ఫ్రేములు ఖాళీగా ఉండి అంచు నంబర్లు కనిపిస్తే ఫిల్మ్‌కి వెలుతురు తగల్లేదు, కెమెరా చూసుకోండి. నంబర్లు కూడా లేకపోతే తప్పు డెవలపర్ దగ్గర జరిగింది.

రెండు రోల్స్ ఒకే ట్యాంకులో వేయకండి. మొదటిది పాడైతే రెండోదైనా దక్కుతుంది. ముఖ్యమైన ఘట్టాలన్నీ డిజిటల్‌లో కూడా తీస్తామని, ఫిల్మ్ ఫెయిలైతే ఎంత వాపసు ఇస్తామన్నది అడ్వాన్స్ తీసుకునే రోజే కాగితం మీద రాసివ్వండి.